తెల్లగీత

"బస్తా మొత్తం తొట్టిలో పోయించారా మావయ్యగారూ? మొత్తం?"

ఉమాశ్రీ చెప్పులైనా విప్పకుండా హాల్లో నిలబడి అడిగింది. బాచుపల్లి షెడ్డు నుంచి కూకట్‌పల్లి ఇంటిదాకా స్కూటీ మీద ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. హెల్మెట్ ఇంకా చేతిలోనే ఉంది. ఆమె వెంట బ్లీచింగ్ పౌడర్ వాసన కూడా ఇంట్లోకి వచ్చేసింది.

రామబ్రహ్మంగారు పేపర్ తాపీగా మడిచి పక్కన పెట్టారు.

"మొత్తం ఎందుకు పోయిస్తాను? గీతకి పోగా మిగిలింది పోయించాను."

"ఆ మిగిలిందే మొక్కలన్నిటినీ మాడ్చేసింది."

"మొక్కలంటే? ఆ మెట్టతామరలేగా. మురిక్కాలవ పక్కన వాటంతటవే మొలుస్తాయి. దానికింత గోలేవిటమ్మా?"

ఉమాశ్రీకి ఏడుపొచ్చింది. అది కోపంగా మారేదాకా ఆగి, అప్పుడు నోరు విప్పింది.

"ఆ మొక్కల్ని చూడ్డానికే తనిఖీవాళ్లు ఇవాళ వస్తున్నారండీ. వాటి వేళ్లే నీళ్లని బాగు చేసేవి. తొట్టిలో ఉండే సూక్ష్మజీవులే మురుగుని తినేవి. ఇప్పుడు అవీ లేవు, ఇవీ లేవు. ఉన్నది తెల్లటి నీళ్లు, కుళ్లిన వాసన."

"సూక్ష్మజీవుల్ని పెంచడం ఇప్పుడే వింటున్నాను. నా సర్వీసంతా వాటిని చంపడంతోనే సరిపోయింది."

ఆ మాటలో వెటకారం ఎంతుందో నిజం కూడా అంతే ఉంది. రామబ్రహ్మంగారు గోదావరి ఒడ్డున ఒక మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. మంత్రి వస్తున్నాడంటే రోడ్డుకి రెండువైపులా బ్లీచింగ్ గీత. కలెక్టర్ వస్తే గీత. పుష్కరాలొస్తే ఊరంతా గీతలే. ఆ గీతకి ఏ పురుగు చచ్చేదో, ఏ దోమ పారిపోయేదో ఆయన ఎన్నడూ అడగలేదు, ఆయన్నీ ఎవరూ అడగలేదు. వచ్చిన పెద్దమనిషి కారు దిగగానే తెల్లగా, తిన్నగా కనపడితే చాలు, ఇన్‌స్పెక్టరు పని చేసినట్టే.

అలాంటి మనిషికి, కోడలి పిండి షెడ్డుకి తనిఖీకి వస్తున్నారని తెలిసింది. నిన్న సాయంత్రం ఉమాశ్రీ పనిమీద కొత్తగూడలో ఉన్న సమయం చూసుకుని, బస్తా ఆటోలో వేసుకుని వెళ్లారు. దగ్గర నిలబడి పెంటయ్య చేత గీత కొట్టించారు. మిగిలిన పౌడర్ తిరిగి ఇంటికి మోసుకురావడం దేనికని, ఆ కడుగునీళ్ల తొట్టిలో కుమ్మరించమన్నారు.

"ముందు కాఫీ తాగమ్మా," అంది కనకలక్ష్మి వంటింటి గుమ్మంలోంచి.

"వద్దు అత్తయ్యగారూ."

"ఆయన మంచికే చేశారు."

"చెడ్డకి చేశారని నేనన్నానా? నన్నడక్కుండా చేశారంటున్నాను."

"అడగాలా?" రామబ్రహ్మంగారు లేచి నిలబడ్డారు. "కాలవ శుభ్రం చేయించడానికి నేను పర్మిషన్ అడగాలా? ఊరు ఊరంతా నా చేతిలో ఉండేది. ఇప్పుడు పిండి రుబ్బుకునే కోడలి దగ్గర నేర్చుకోవాలి కాబోలు!"

తువ్వాలు భుజాన వేసుకుని బాత్రూంలోకి వెళ్లి, తలుపు గట్టిగా వేసుకున్నారు. లోపల బకెట్టులో నీళ్లు పడుతున్న చప్పుడు మొదలైంది.

పిండి రుబ్బుకునే కోడలు. ఐటీ ఉద్యోగం పోయిన రోజున ఈ ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. అప్పుడు దాచుకున్న మాటలన్నీ ఇప్పుడు ఒక్కసారే అనేస్తున్నారనిపించింది ఉమాశ్రీకి. ఇడ్లీ పిండి, దోసె పిండి అని నవ్విన వాళ్లే తర్వాత పిండి అమ్ముడుపోతుంటే బంధువులకి గొప్పగా చెప్పుకున్నారు. ఇప్పుడు సైబరాబాద్‌లోని ఒక పెద్ద క్యాంపస్ క్యాంటీన్‌కి రోజూ పిండి పంపే అవకాశం గుమ్మం దాకా వచ్చింది. వాళ్లు పెట్టిన షరతు ఒక్కటే, నీళ్లనీ నేలనీ పాడుచెయ్యకుండా తయారైన సరుకని చెప్పే ఆకు ముద్ర ప్యాకెట్టు మీద ఉండాలి. ముద్ర లేకపోతే ఆ క్యాంటీన్ లేదు. క్యాంటీన్ లేకపోతే షెడ్డు నిలబడదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

తేజ పడగ్గదిలోంచి వచ్చాడు. హెడ్‌సెట్ మెడలో వేలాడుతోంది. మీటింగులో ఉండగానే మ్యూట్ చేసి వచ్చాడు.

"ఉమా, ఒక మాట చెప్పనా? పెంటయ్య వేశాడని చెప్పు."

"ఏంటి?"

"అబద్ధం కాదుగా. చేత్తో వేసింది అతనే. తెలీక వేశాడు, పంపించేశాం అని చెప్పు. వాళ్లకి కావలసింది అంతే. మా ఆఫీసులో మాత్రం ఏం చేస్తాం? ఏదైనా పాడైతే కారణం ఒకటి చూపిస్తాం, యాక్షన్ తీసుకున్నాం అంటాం. ఫైల్ క్లోజ్."

"నన్ను తీసేసిన రోజున మా మేనేజర్ కూడా యాక్షన్ అనే అన్నాడు తేజా."

తేజ మొహం ఎర్రబడింది. "ప్రతిదీ అక్కడికే తీసుకెళ్తావు. సరే, నాన్నగారే వేయించారని చెప్పు. ఆయన పేరు రాయించు. రిటైర్డ్ ఇన్‌స్పెక్టర్‌కి బ్లీచింగ్ ఎక్కడ వెయ్యాలో తెలీదట అని వాళ్లు నవ్వుకుంటారు. నీకు తృప్తిగా ఉంటుందా?"

ఆమె హెల్మెట్ కింద పెట్టింది.

కనకలక్ష్మి కాఫీ గ్లాసు తెచ్చి కోడలి ముందు పెట్టింది. తలెత్తకుండానే అంది. "ఆయన పేరు మాత్రం బయటపెట్టకమ్మా. మొన్న పేపర్లో వార్త చూశాక ఆయన సరిగ్గా అన్నం తినడంలేదు. నీకు తెలుసు."

తెలుసు. ఆయన పనిచేసిన మున్సిపాలిటీయే ఈ ఆకు ముద్ర కోసం దరఖాస్తు పెట్టుకుంది. తడిచెత్త వేరు చేస్తాం, చెరువులోకి మురుగు వదలం, ఇకనుంచి బ్లీచింగ్ గీతలు వెయ్యం అని రాసిచ్చి ముద్ర తెచ్చుకుంది. చైర్మన్ ఫొటో వేశారు. ఆ వార్త చదివిన రోజున రామబ్రహ్మంగారు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆయన బతుకులో చేసిన పనంతా ఒక్క వాక్యంతో కొట్టేశారు మరి.

ఉమాశ్రీ కాఫీ తాగేసింది. ఔననలేదు, కాదనలేదు. ఆ ఇంట్లో మాట్లాడకపోవడమంటే ఒప్పుకోవడమే. అది అందరికన్నా ఆమెకే బాగా తెలుసు.

*

షెడ్డులో పెంటయ్య మాడిపోయిన ఆకుల్ని కోసి కుప్ప పెడుతున్నాడు. పక్కన అతని భార్య సత్తెమ్మ పెద్ద టబ్బులో మినప్పప్పు కడుగుతోంది. పాలమూరు వైపు నుంచి వచ్చి బాచుపల్లిలో కిరాయి గదిలో ఉంటున్నారు. షెడ్డు తెరిచిన రోజు నుంచీ ఇద్దరూ ఇక్కడే.

"గిన్ని దినాల సంది పెంచితిమి అమ్మా," అన్నాడు పెంటయ్య ఆమెను చూడగానే. "నాకేమెర్క? పెద్దసారు జల్లుమన్నడు, జల్లిన. తొట్ల పొయ్యుమన్నడు, పోసిన."

"నీ తప్పేం లేదు పెంటయ్యా."

ఆ మాట చెప్పి అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! ఆగలేదు.

"కానీ వచ్చినవాళ్లు అడుగుతారు. తెలీక నువ్వే వేశావని చెప్తాను."

"నేనే ఏసిన గద."

"అదే. మావయ్యగారి పేరు రాకుండా."

పెంటయ్య కొడవలి కింద పెట్టాడు. "సరె అమ్మా. పెద్దమనిషి. ఆయన ఇజ్జత్ పోతే మంచిగుండదు."

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఉమాశ్రీ అనుకోలేదు. అతను కాస్త గొడవ పెట్టుకుంటే తనకే బాగుండేదనిపించింది. మిగతాది చెప్పడం ఇంకా కష్టమైంది.

"ఇంకొకటి. వాళ్లొచ్చేసరికి నువ్వు ఇక్కడ ఉండకూడదు. పంపించేశామని చెప్తాను."

టబ్బులో సత్తెమ్మ చేతులు ఆగిపోయాయి.

"పంపిచ్చుడేందమ్మా?"

"ఊరికే సత్తెమ్మా, చెప్పడానికి. ఒక్కరోజు. రేపు పొద్దున్నే మామూలుగా వచ్చెయ్యమను."

"ఒక్క దినమేనా?"

"ఒక్కరోజే. నామీద ఆమాత్రం నమ్మకం లేదా?"

సత్తెమ్మ మళ్లీ టబ్బులో చేతులు పెట్టింది. వంగి పప్పు పొట్టు దేవి పక్కన పోసింది.

పెంటయ్య మాత్రం ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. "గా ముద్ర మేడం మల్లొస్తది గదమ్మా? నీళ్లు సూస్తందుకు. గప్పుడో?"

"వచ్చినప్పుడు చూద్దాం."

"గప్పుడు గూడ నేను కనవడొద్దు గద."

ఉమాశ్రీ ఇంతదాకా ఆలోచించలేదు. తేజ కూడా ఆలోచించి ఉండడు. పంపించేశామని చెప్పిన మనిషి మర్నాడు అదే చోట ఆకులు కోస్తూ కనపడితే ఏం చెప్పాలి? అబద్ధం ఒక్కరోజుది కాదని ఆమెకు అప్పుడే అర్థమైంది. అర్థమైనా వెనక్కి తీసుకోలేదు.

పెంటయ్య టవల్ దులుపుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని బయటికి నడిచాడు. గేటు దగ్గర నేలమీద తెల్లటి గీత అలాగే ఉంది. చెరిగితే పెద్దసారు తిడతారనేమో, దాన్ని తొక్కకుండా కాలు ఎత్తి జాగ్రత్తగా దాటి వెళ్లాడు.

*

మమత వచ్చేసరికి ఎండ బాగా ముదిరింది. ముద్ర ఇచ్చే సంస్థ తరఫున ఊళ్లన్నీ తిరిగేది ఆమే. ఆమెతోపాటు లింగయ్య కూడా వచ్చాడు. శంకర్‌పల్లి దగ్గర గానుగ నడుపుతాడు, అతని నూనె డబ్బాల మీద ఆకు ముద్ర ఎప్పటినుంచో ఉంది. తేజ ఆఫీసులో పర్మిషన్ పెట్టి వచ్చి షెడ్డు నీడలో నిలబడ్డాడు.

ఈ ముద్రకి ప్రభుత్వ బలవంతమేమీ లేదు. ఊరి పంచాయతీ అయినా, పచ్చళ్లు పట్టేవాళ్లయినా తమంతట తామే వెళ్లి అడగాలి. ఇష్టమైతేనే. ఆ 'ఇష్టమైతేనే' అన్న మాట ఎంత ముచ్చటగా ఉంటుందో! కొనేవాడు ముద్ర లేనిదే కొననంటున్నప్పుడు ఇష్టం లేనివాళ్లు ఎవరుంటారు? దీనికి పెద్ద పెద్ద పరీక్షలు లేవు. పాత సభ్యుడొకడు కొత్తవాళ్ల మాటకి హామీ ఉండాలి. ఉమాశ్రీ మాటకి హామీ లింగయ్య. ఆమె మాట తప్పితే అతని డబ్బాల మీద ముద్ర కూడా పోతుంది.

మమత గేటు దగ్గరే ఆగింది. "ఈ గీతేంటండీ?"

ఉమాశ్రీ ఆగకుండా ముందుకి నడిచింది. వెనకవైపు మెట్టతామరల మడి దగ్గరికి వచ్చేసరికి చెప్పక తప్పలేదు. ఆకులన్నీ పసుపు రంగుకి తిరిగి వాలిపోయాయి. తొట్టిలోంచి ఘాటు కళ్లకి తగులుతోంది.

"బ్లీచింగ్ పడింది మమతగారూ. నిన్న. మా వర్కర్ తెలీక వేసేశాడు."

"ఎవరు? నాకు పోయినసారి మొక్కలన్నీ చూపించాడే, ఆయనా?"

"అవునండీ. పెంటయ్య."

"ఏడి?"

"పంపించేశాం."

ఆ మాట అనుకున్నంత కష్టంగా రాలేదు. తేలిగ్గా వచ్చేసింది. అందుకే ఉమాశ్రీకి భయమేసింది. కాస్త దూరంలో సత్తెమ్మ పప్పు కడుగుతూనే ఉంది. చేతులు మాత్రం ఇందాకటికన్నా గట్టిగా తిప్పుతోంది.

"అయ్యో, పంపించెయ్యడమెందుకు?" అంది మమత. "తెలీక చేసినవాడికి చెప్తే సరిపోయేది కదా."

"ఈ విషయంలో మేం చాలా స్ట్రిక్ట్ అండీ," అన్నాడు తేజ.

మమత అతనివైపు ఓసారి చూసింది. వంగి ఒక మొక్కని పీకి వేరు చూసింది. "వేళ్లు కొన్ని బతికే ఉన్నాయి. తొట్టి కడిగి మళ్లీ మొదలుపెట్టండి. నీళ్లు మళ్లీ చూస్తాం. ఆలస్యమవుతుంది, అంతే. క్యాంటీన్‌వాళ్లకి నేను చెప్తాను. పొరపాటు జరిగితే ముద్ర పోదు ఉమగారూ. జరిగింది జరిగినట్టు చెప్తే పోదు."

"నేను ముందే జెప్పిన గద మేడం," అన్నాడు లింగయ్య సంతోషంగా. "ఉమమ్మ దాసిపెట్టే మనిషి గాదు. ఆమె మాటకు నేను జమానత్."

ఉమాశ్రీకి ఊపిరి వచ్చింది. సిగ్గేసింది కూడా. మొదటిది ఎక్కువగా ఉంది, రెండోది తక్కువగా ఉంది. అంతా సర్దుకుంటే సాయంత్రం పెంటయ్య గదికి తనే వెళ్లి చెప్పుకుందాం అనుకుంది.

గేటు ముందు ఆటో ఆగింది.

రామబ్రహ్మంగారు దిగారు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, జేబులో పెన్ను. తనిఖీకి వచ్చినవాళ్లని పెద్దవాడు ఎదురొచ్చి పలకరించకపోతే బాగుండదని ఆయన ఉద్దేశం. వెనకాలే కనకలక్ష్మి దిగింది. ఆపడానికి ప్రయత్నించి ఓడిపోయిన మొహం అది.

"నమస్కారమండీ. గీత చూశారా?" అన్నారాయన వస్తూనే.

మమత నవ్వింది. "చూశానండీ. మీ పనివాడు తెలీక వేశాడట కదా. ఉమగారు చెప్పారు."

"తెలీకా?"

"నాన్నా, లోపల కూర్చుందాం రండి," అన్నాడు తేజ చెయ్యి పట్టుకుంటూ. ఆయన విదిలించుకున్నారు.

"తెలీక వేసిన గీత అలా ఉంటుందా అమ్మా? ఎక్కడైనా వంకర కనపడిందా మీకు? తాడు కట్టి, పక్కన నిలబడి వేయించాను. ఒక కూలివాడి పొరపాటుట! మంత్రులు మెచ్చుకున్న పని నాది."

"మీరు వేయించారా?"

"నేనే."

"తొట్టిలో కూడా?"

"నేనే పోయించాను. ఆడపిల్ల నడుపుకుంటున్న షెడ్డు, మాట రాకూడదని పోయించాను. తప్పా? మా మున్సిపాలిటీకి ఆకు బొమ్మ ఇచ్చి నా గీతల్ని చెరిపేయించింది మీరేగా? ఎవరేం పని చేశారో తెలుసుకుని మాట్లాడండి."

"ఏవండీ!" కనకలక్ష్మి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "ఇక చాలండీ."

"నువ్వూరుకో. నా పని నాదని చెప్పుకోడానికి నాకు సిగ్గు లేదు."

ఆయన నిజమే చెప్పారు. కోడల్ని కాపాడదామని కాదు, పెంటయ్యని కాపాడదామని అసలే కాదు. ఒక పనివాడి పేరు తన గీతకి అంటుకోవడం భరించలేక చెప్పారు. ఆ ఇంటివాళ్లు తనిఖీకి వచ్చినవాళ్లతో చెప్పిన ఒక్క నిజమూ అలా అహంకారంలోంచి ఊడిపడింది.

లింగయ్య మొహంలో రంగు పోయింది. "ఉమమ్మా," అన్నాడు మెల్లగా. "నాకన్న చెప్పకపోతివి. ఇగ నా గానుగ సంగతేంది? నిన్ను జూసి జమానత్ ఉంటి."

"లింగయ్యగారూ, అది..."

మమత చెయ్యెత్తి ఆపింది. ఆమె గొంతులో ఇందాకటి చనువు లేదు. "ఒక్క నిమిషం. బ్లీచింగ్ సంగతి వదిలేయండి. అతను చెప్పిన పని చేశాడు. చెప్పిన పని చేసినందుకు అతన్ని నిజంగానే పంపించేశారా ఉమగారూ? లేక పంపించేశామని నాకు చెప్పారా?"

ఉమాశ్రీ తేజవైపు చూసింది. తేజ ఫోన్‌వైపు చూస్తున్నాడు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్యగారికి ఏదో తేడా వచ్చిందని అప్పుడప్పుడే తెలుస్తోంది. ఏమిటో తెలియక అందరి మొహాలూ చూస్తున్నారు.

మమత టబ్బు దగ్గరికి నడిచింది.

"మీరు పెంటయ్య భార్య కదమ్మా? మీరు చెప్పండి. మీ ఆయన్ని పనిలోంచి తీసేశారా?"

సత్తెమ్మ చేతులు నీళ్లలోంచి తీసి, చీరకి తుడుచుకుని లేచింది. కళ్లలో నీళ్లు లేవు, గొంతులో కోపం లేదు. అవి ఉన్నా బాగుండేది.

"పొద్దుగాల అమ్మ ఒక్క దినమే అన్నది," అంది. "గిప్పుడు మీతోని పంపిచ్చినం అన్నది. రెండు మాటలు నా ముంగటనే అన్నది. ఏది నిజమో అమ్మనే అడుగుండ్రి మేడం. నాగ్గూడ గదే ఎర్క గావాలె."

అందరూ ఉమాశ్రీవైపు తిరిగారు.

ఆమె నోరు తెరిచింది. పొద్దున్న ఒక్కరోజే అన్నప్పుడు అబద్ధం చెప్పిందా, ఇందాక పంపించేశాం అన్నప్పుడు చెప్పిందా? ముద్ర వచ్చేసి ఉంటే పెంటయ్యని రేపు నిజంగా రమ్మని ఉండేదా?

సత్తెమ్మ మళ్లీ పప్పు దగ్గర కూర్చోలేదు. ఉమాశ్రీ మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.